పిల్లల రైలూ, యిర్మియా సిగ్నలూ

గోదావరిఖనిలో ఉత్త యిర్మియా అంటే ఎవరూ గుర్తుపట్టరు. 'ఐడియాల యిర్మియా' అంటే మాత్రం నడక రాని పిల్ల కూడా చెయ్యి చాపి వాళ్ళ క్వార్టరు చూపిస్తుంది. పెద్దవాళ్ళయితే, "తలుపు ముట్టకుండ పిలువుండ్రి, కరెంటు కొడ్తదేమో" అని జాగ్రత్త కూడా చెబుతారు.

ఒకసారి కోళ్ళగూడు తలుపు దానంతటదే మూసుకునేలా కప్పీ, తాడూ కట్టాడు. తలుపు దివ్యంగా మూసుకుంది. కోళ్ళు మాత్రం బయటే ఉన్నాయి. లోపల యిర్మియా ఉన్నాడు.

అతని పని గని లోపల. బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగే ఇంజనును అక్కడ హాలర్ అంటారు. పదిహేనేళ్ళుగా దాన్ని నడుపుతున్నాడు. అక్కడ అతని ఐడియాలకు చోటు లేదు. ఒక గంట కొడితే ఆపాలి, రెండు కొడితే లాగాలి, మూడు కొడితే వదలాలి. గంట వినబడకపోతే మీట మీద చెయ్యి కూడా వెయ్యకూడదు. ఆ లెక్క అతను పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. బుర్ర తాడు తెంపుకునేది పైకి వచ్చాకే.

యిర్మియాకు ఉన్న కోరిక ఒక్కటే, పైన డ్యూటీ. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి వచ్చే డ్యూటీ. షిఫ్టుల పుణ్యమా అని అతను తినే వేళకు భార్య సుగుణమణి నల్లా దగ్గర ఉండేది, ఆమె తినే వేళకు అతను గురక పెట్టేవాడు. ఆదివారం ఒక్కపూట దొరికినా చుట్టాలు వచ్చి కూర్చునేవారు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆమె ముందు పప్పు కలుపుకుంటుందో పచ్చడి కలుపుకుంటుందో అతనికి తెలియదు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా అతనికి నిజంగానే దిగులేసేది.

ఇలా ఉండగా డెబ్బై నాలుగులో కాలనీ పార్కులోకి పిల్లల రైలు వచ్చింది.

బొమ్మ రైలు కాదు. ఎక్కి తిరిగే రైలు. జానెడున్నర వెడల్పు పట్టాలు, వాటి మీద మోకాలెత్తు బండ్లు, గుర్రమెక్కినట్టు కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చోవాలి. ముందు పాత నీళ్ళపంపు ఇంజను డుగుడుగుమని లాగుతుంది. తుక్కు ఇనుములోంచి దాన్ని తయారుచేసినవాడు పానా దస్తగిర్. పానా లేకుండా దస్తగిర్‌ను చూసినవాళ్ళు కాలనీలో లేరు. నిఖా ఫోటోలో కూడా జేబులోంచి పానా తల కనబడుతుంది.

ఒక రైలుతో ఊరుకుంటే ఈ కథ లేదు. పిల్లలు ఎక్కువని రెండు రైళ్ళు చేశారు. పట్టా మాత్రం ఒకటే, పార్కు చుట్టూ తిరిగి వస్తుంది. ఒకచోట గోరింట పొదల వెనక మలుపు ఉంది, అక్కడ ముందున్న రైలు వెనకవాళ్ళకు కనబడదు. మొదటి రోజే దస్తగిర్ ఆ మలుపులో రైలాపి, వంగి నట్టు బిగిస్తున్నాడు. వెనక రైల్లో వెల్ఫేర్ ఆఫీసరు లింగమూర్తి తెల్లప్యాంటు వేసుకుని వచ్చాడు. దస్తగిర్ పొదలోకి వెళ్ళాడు. తెల్లప్యాంటు ఎర్రమట్టిలోకి వెళ్ళింది.

లింగమూర్తిని కాలనీలో 'కమిటీ లింగమూర్తి' అంటారు. చాయలో చక్కెర తక్కువైతే ముగ్గురు సభ్యులతో కమిటీ వేసే మనిషి. మర్నాడు ఏదో రైళ్ళ పుస్తకం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"సిగ్నలు పెట్టాలె. మనిషి లేకుండ దానంతటదే పనిచేసే సిగ్నలు గావాలె. దీంట్ల మూడు తీర్లు రాసిండ్రు. ఏది మంచిదో తేల్చనీకి కమిటీ వేస్త."

"కమిటీ ఎందుకు సార్, నేను లేనా?" అన్నాడు యిర్మియా. "మూడింటిని మా ఇంట్ల పరీక్ష జేసి, మంచిది ఏరి తెస్త. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు గద."

"ఇంట్లనా? మీ ఆమె ఒప్పుకుంటదా?"

"మా ఇంట్ల నా మాటకు ఎదురు లేదు సార్."

ఇది నిజమే. అసలు వినని మాటకు సుగుణమణి ఎదురెలా చెబుతుంది?

"సిగ్నలు కుదిరితే పార్కుల రైలు చూసుకునే డ్యూటీ నాకు ఇయ్యాలె సార్. హాలర్ మీద పదిహేనేండ్లు ఐంది."

"ముందుగాల్ల కుదరనియ్యి. ఆదివారం నాలుగింటికి రైలు మళ్ళ షురూ చేస్తున్నం," అన్నాడు లింగమూర్తి.

సోమవారం పొద్దున షిఫ్టు దిగి వచ్చిన యిర్మియా వంటింటి గడప దగ్గర ఒక చెక్కమీట, లోపల పొయ్యి దగ్గర ఇంకొక చెక్కమీట బిగించాడు. పుస్తకంలోని మొదటి పద్ధతి ఇది, మీట పద్ధతి. రైలు మొదటి మీట తొక్కితే బల్బు వెలగాలి, రెండోది తొక్కితే ఆరాలి. సుగుణమణి బిందెతో వచ్చి ఆగింది.

"ఇదేంది?"

"సిగ్నలు."

"ఏం చేస్తది?"

"నువ్వు లోపలున్నవా లేవా చెప్తది."

"నేను లోపల లేకుంటే నీకు అన్నం ఎట్ల అందుతుందనుకున్నవ్?"

"నడువే, పరీక్ష."

ఆమె మొదటి మీట తొక్కింది. బల్బు వెలిగింది. యిర్మియా చప్పట్లు కొట్టాడు. బిందె మూత మరిచిపోయానని ఆమె వెనక్కి తిరిగి, మళ్ళీ అదే మీట దాటి నల్లా దగ్గరికి వెళ్ళిపోయింది. వంటింట్లో మనిషి లేదు, బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది.

"నువ్వు వచ్చిన తొవ్వ పట్టుకొని పోతే ఎట్లనే? అటుదిక్కు నుంచి దిగాలె."

"అటుదిక్కు పొయ్యి ఉన్నది. పొయ్యిల దిగాల్నా?"

అంతలో పక్కింటి సమ్మవ్వ మేక లోపలికి వచ్చి రెండో మీట మీద ముందుకాళ్ళు పెట్టి నిలబడింది. బల్బు ఆరింది. మేక పిండి డబ్బాలో తల పెట్టింది. పార్కులో పిల్లలు ఈ మీటల మీద ఎన్ని గెంతులు వేస్తారో యిర్మియాకు అప్పుడు అర్థమైంది. మొదటి పద్ధతి పోయింది, దానితోపాటు పిండి కూడా.

మంగళవారం గడియారం పద్ధతి. రైలు దాటగానే బల్బు వెలిగి, ఇన్ని నిమిషాలని పెట్టినంతసేపు ఉండి, తర్వాత దానంతటదే ఆరిపోతుంది. ఈసారి యిర్మియా పెరట్లోని స్నానాలగది తలుపుకు అలారం గడియారం తగిలించాడు. మనిషి లోపలికి వెళ్తే పది నిమిషాలు బల్బు వెలగాలి.

"పది నిమిషాలల్ల స్నానం కాకుంటే?" అంది సుగుణమణి.

"ఎందుకు గాదు? గనిల మూడువందల మందిమి ఒక్క నల్లా కింద పావుగంటల కడుక్కుంటం."

"అందుకే మీ చెవుల ఎనుక ఇంక బొగ్గే ఉంటది."

ఆ రోజు సమ్మవ్వ ఇంట్లో నీళ్ళు రాక, తలంటుకోవడానికి వీళ్ళింటికి వచ్చింది. సమ్మవ్వకు అరవై ఏళ్ళు, జుట్టు మోకాళ్ళ దాకా, గొంతు గని సైరను దాకా. ఆమె లోపలికి వెళ్ళింది. పదో నిమిషంలో బల్బు ఆరింది. యిర్మియా తన సిగ్నలు మీద భక్తితో తలుపు సగం తోశాడు. ముందు ఇత్తడి చెంబు వచ్చింది, దాని వెనక కుంకుడు నురగ వచ్చింది, వాటి వెనక గొంతు వచ్చింది.

"ఓ సుగుణమణీ! నీ మొగనికి నెత్తి చెడ్డదే!"

"బల్బు ఆరింది అవ్వా, బల్బు ఆరింది!" అని నుదురు పట్టుకుని మొత్తుకున్నాడు యిర్మియా.

ఆ గొంతుతో మూడు వీధులకు వార్త చేరింది. గడియారానికి పది నిమిషాలే తెలుసు, సమ్మవ్వ జుట్టు సంగతి తెలియదు. మలుపులో రైలు ఆగిపోయినా గడియారం అలాగే "పో" అంటుందని సుగుణమణి చెప్పింది. యిర్మియా నుదుటి మీది బొప్పి కూడా అదే చెప్పింది. రెండో పద్ధతి పోయింది.

బుధవారం దస్తగిర్ మూడో పద్ధతి విప్పి చెప్పాడు.

"ఇది అసలు చీజ్ భాయ్. మలుపుల రెండు పట్టాలకు సెల్లుల కరెంటు తగిలిద్దాం. ఆ ముక్కకు రెండు దిక్కుల రబ్బరు పెట్టి మిగిలిన పట్టాతోటి వేరు చేద్దాం. రైలు ఎక్కితే ఇనుప చక్రాలు ఈ పట్టాను ఆ పట్టాను కలుపుతయ్, ఎర్రబల్బు వెలుగుతది. రైలు దిగితే ఆరుతది. మీట లేదు, గడియారం లేదు."

"వెలిగితే ఆగు, వెలగకపోతే పో. ఇదే ఖాయం!" అని యిర్మియా ఎగిరి గంతేశాడు.

ఎర్రబల్బు బజారులో దొరకలేదు. మామూలు బల్బుకు ఎర్రగుడ్డ చుట్టాలి. ఇంట్లో ఎర్రగుడ్డ ఒక్కటే ఉంది, సుగుణమణి వాళ్ళన్న వరంగల్ నుంచి తెచ్చిన పట్టు రవికె గుడ్డ. క్రిస్మస్‌కు కుట్టించుకుందామని ఆమె పెట్టె అడుగున దాచుకుంది. కావలసింది అరచేతంత ముక్క. అంచు దగ్గర కోస్తే తెలిసిపోతుందని యిర్మియా తెలివిగా నడిమధ్య నుంచి కోశాడు. మడత చెదరకుండా మళ్ళీ పెట్టేశాడు.

సాయంత్రం సుగుణమణి పెట్టె తెరిచింది. గుడ్డ విప్పి ఎత్తి పట్టుకుంది. ఆ బొక్కలోంచి గుమ్మంలో తీగ చుట్టుకుంటున్న మొగుడు నిండుగా కనిపించాడు. చాలాసేపు అలాగే చూసింది. గుడ్డ మడిచి పెట్టె మూసింది. ఒక్క మాట అనలేదు.

ఆ పూట అనలేదు, మర్నాడూ అనలేదు. కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, వెళ్ళిపోయేది.

యిర్మియా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. ఆ లెక్కన రెండు పూటల మౌనం పూర్తి అంగీకారం. నాలుగు పూటలైతే అభినందన కిందికి వస్తుంది.

గురువారం అతను రేడియో తెచ్చి ఆమె ముందు పెట్టుకున్నాడు.

"దీనిలకెల్లి సెల్లులు తీసుకుంటున్న. ఏమన్న ఉంటే ఇప్పుడే చెప్పు."

ఆమె బియ్యంలో రాళ్ళేరుతోంది.

"ఒకటి... రెండు... మూడు. లైను క్లియర్!"

సెల్లులు తీశాడు. ఇంట్లో రెండో నోరు కూడా మూతపడింది. శుక్రవారం అదే లెక్కన బట్టలారేసే దండెం తీగ తీశాడు. శనివారం ఆమె పీట పగలగొట్టి సిగ్నలు పెట్టె చేశాడు. ప్రతిసారీ మర్యాదగా అడిగాడు, ప్రతిసారీ మూడు లెక్కపెట్టాడు.

"భాయ్, భాభీ బోల్తలేదు గద. నాకు భయమైతున్నది," అన్నాడు దస్తగిర్, పార్కులో తీగలు బిగిస్తూ.

"మంచిగ ఒప్పుకున్నది దస్తగిర్ భాయ్. ఒక్క మాట అనలే."

"మా హబీబున్నీసా గంటసేపు చప్పుడు చెయ్యకుంటే నేను సంచి తీస్కొని మంచిర్యాల పోత. రెండు రోజులైనంకనే వస్త."

"నీకు పెండ్లాన్ని సమ్జాయించుడు రాదు."

శనివారం సాయంత్రం పరీక్ష చేశారు. రైలు మలుపెక్కింది, ఎర్రగా వెలిగింది. రైలు దిగింది, ఆరింది. ముప్ఫైసార్లు తిప్పారు, ముప్ఫైసార్లూ పనిచేసింది. పైన డ్యూటీ వచ్చినట్టే అనుకుని యిర్మియా ఇంటికి వెళ్తూ దారిలో ముగ్గురికి శుభవార్త చెప్పాడు.

ఆదివారం నాలుగింటికి పార్కులో ఇసుకవేస్తే రాలని జనం. లింగమూర్తి కొత్త తెల్లప్యాంటు వేసుకుని వచ్చాడు. మొదటి రైలుకు దస్తగిర్ డ్రైవరు. దాని వెనక ఎనిమిది మంది పిల్లలు, చివరి బండిలో సమ్మవ్వ. ఒంటరిగా ఎక్కనని సమ్మవ్వ మొరాయిస్తే ఆమె వెనక సుగుణమణి కూర్చుంది. రెండో రైలుకు యిర్మియా డ్రైవరు. అతని వెనక లింగమూర్తి, ఒళ్ళో పిల్లలకు పంచాల్సిన బూందీ గంప.

మొదటి రైలు కూతపెట్టి మలుపు తిరిగింది. పొదల వెనకకు వెళ్ళగానే సమ్మవ్వ చెప్పు జారిపోయింది.

"ఆపుండ్రి! నా చెప్పు! కొత్త చెప్పు!"

ఆ గొంతుకు రైలే కాదు, పార్కు బయట రిక్షా కూడా ఆగింది. సమ్మవ్వ దిగి వంగి చెప్పు వెతుక్కుంటోంది.

ఇటు డుగుడుగు చప్పుడులో ఆ కేక రెండో రైలు వాళ్ళకు వినబడలేదు. యిర్మియా సిగ్నలు దగ్గరికి వచ్చాడు. బల్బు వెలగడం లేదు.

"చూసిండ్రా సార్? వెలగలేదంటే ముంగట ఎవ్వరు లేరన్నట్టు. కండ్లు మూసుకొని పోవచ్చు," అని వేగం పెంచాడు.

కళ్ళు తెరిచి ఉంటే మాత్రం ఏం లాభం? మలుపు తిరిగేసరికి ఎదురుగా కనిపించింది సుగుణమణి వీపు. ధనామని తగిలింది. గంప ఎగిరి ఆకాశం నుంచి బూందీ వాన కురిసింది. లింగమూర్తి తెల్లప్యాంటుతో సహా ఎర్రమట్టికి నమస్కారం చేశాడు. సమ్మవ్వ చెప్పు మాత్రం ఆయన పక్కనే దొరికింది. సుగుణమణి ముందుబండిలోకి జారింది, అంతే. రైళ్ళ వేగం ఎంతని, నడిచే మనిషి కంటే కాస్త ఎక్కువ. ఎవరికీ గీత కూడా పడలేదు.

"ఇంకోసారి గుద్దు కాకా! ఇంకోసారి!" అని ఎనిమిది మంది పిల్లలూ అరిచారు.

సుగుణమణి లేచింది. జడలోంచి బూందీ దులుపుకుంది. నాలుగు రోజుల తర్వాత ఆమె నోరు తెరిచింది.

"కండ్లు కనబడ్తలేవా?"

"బల్బు వెలగలే! నాదేం తప్పు లేదు. బల్బు వెలగలే!"

"ఎట్ల వెలుగుతది? దాంట్లున్నవి నా రేడియో సెల్లులు. మధ్యాన్నం నాటకం వస్తదని నేనే తీస్కపోయిన. పెట్టె ఖాళీగ ఉంటే మంచిగుండదని ఇంట్ల ఉన్న పాత టార్చిలైటు సెల్లులు పెట్టిన."

"తీసినవా! మరి నాకు చెప్పొద్దా?"

"నేను నీతోని మాట్లాడ్తలేనని నీకు తెల్వదా?"

బూందీ ఏరుకుంటున్న పిల్లలు కూడా ఆగారు.

"నాలుగు రోజుల సంది ఒక్క మాట మాట్లాడకుంటే ఏమనుకున్నవ్?" అంది సుగుణమణి.

"అంతా మంచిగనే ఉన్నదనుకున్న," అన్నాడు యిర్మియా చిన్నగా.

ఆడవాళ్ళందరూ ఒక్కసారి "ఓ యేసయ్యా" అన్నారు. దస్తగిర్ తల తిప్పుకుని పానా తుడుచుకున్నాడు.

"గదే నీ రోగం. నీ సిగ్నలుది గూడ గదే రోగం. చప్పుడు లేకుంటే పొమ్మన్నట్టేనా? బల్బు మాడిపోతే పో, సెల్లు సచ్చిపోతే పో, తీగ తెగితే పో! గిదేం సిగ్నలు?"

లింగమూర్తి మోకాళ్ళు దులుపుకుంటూ దగ్గరికి వచ్చాడు. "మరి ఎట్ల ఉండాల్నమ్మా?"

సుగుణమణి పుల్ల తీసుకుని మట్టిలో గీత గీసింది. "సార్, ఇది మా లైనుల నీళ్ళ పైపు. మొదట్ల ట్యాంకు. ఆఖరుకు మా నల్లా. నడుమ సమ్మవ్వ నల్లా. ఈమె తిప్పిందనుకోండ్రి, నాకు నీళ్ళు రావు."

"నేనెప్పుడు తిప్పిన్నే!" అంది సమ్మవ్వ, చెప్పు తొడుక్కుంటూ.

"ట్యాంకు ఖాళీ ఐనా రావు. పైపు పలిగినా రావు. నా నల్లాకు నీళ్ళొచ్చినయంటే నడుమ ఎవ్వరు తిప్పలే, ట్యాంకు నిండున్నది, పైపు సాపున్నది, అన్నట్టు. గిదీ గంతే. సెల్లులు మలుపుకు ఈ మొదట్ల పెట్టుండ్రి, బల్బు ఆ కొసకు తగిలియ్యిండ్రి. పట్టాలు మంచిగుంటే కరెంటు కొసదాక పోయి బల్బు వెలుగుతది. నడుమ రైలున్నదనుకోండ్రి, కరెంటంత దాని చక్రాలే తాగుతయ్, బల్బు ఆరుతది. సెల్లు సచ్చినా ఆరుతది, తీగ తెగినా ఆరుతది. వెలిగితేనే పోవాలె. వెలగకుంటే నిలబడాలె."

యిర్మియా ఆ గీత పక్కన కూర్చున్నాడు. ఇది అతనికి కొత్త సంగతి కాదు. పదిహేనేళ్ళుగా రోజూ చేస్తున్న పనే.

"గంట వినబడకుంటే మీట ముట్టొద్దు," అని గొణిగాడు.

"గని లోపల తెలుస్తది. ఇంటికొచ్చేసరికి మరుస్తవ్."

దస్తగిర్ అప్పటికే తీగలు విప్పుతున్నాడు. లింగమూర్తి తన టార్చిలోని సెల్లులు ఇచ్చాడు. మలుపు చివర పట్టాలకు పొడవు తీగ తగిలించి, డ్రైవరుకు కనబడేలా బల్బును మాత్రం ఇటు సిగ్నలు పెట్టెలోనే ఉంచారు. ఇక ఎరుపు పనికిరాదు, వెలిగితే పొమ్మనే దీపానికి పచ్చరంగు కావాలి.

"పచ్చగుడ్డ మా ఇంట్ల ఉన్నది," అని సుగుణమణి వెళ్ళి యిర్మియా పచ్చ లుంగీ తెచ్చింది. అందరూ చూస్తుండగా అరచేతంత ముక్క కోసింది. నడిమధ్య నుంచి.

అయిదున్నరకు రెండు రైళ్ళూ తిరిగాయి. మలుపులో రైలుంటే పచ్చదీపం ఆరిపోయేది. ఒకసారి తీగ ఊడింది, దీపం ఆరింది, వెనక రైలు నిలబడిపోయింది. ఎవరూ ఎవరినీ గుద్దలేదు. పిల్లలకు అదొక్కటే నచ్చలేదు.

"కమిటీ లేకుండనే ఒప్పుకుంటున్న," అన్నాడు లింగమూర్తి. జీవితంలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

పద్ధతి పట్టాల కరెంటుదే గనుక, దాన్ని ఏరినవాడు తానే గనుక, డ్యూటీ తనదేనని యిర్మియా తీర్మానించుకున్నాడు. సోమవారం గనిలో వీడ్కోలు జరిగింది. తోటివాళ్ళు మిర్చిబజ్జీలు తినిపించి, బంతిపూల దండ వేశారు. ఉత్సాహం పట్టలేక అతను తన బూట్లు ఒకరికి, టోపీ ఒకరికి, హాలర్ పక్కన కూర్చునే మెత్త ఇంకొకరికి దానం చేశాడు. "కింద మంచిగుండుండ్రి తమ్ములూ, పైకొస్తే పార్కుకు రాండ్రి," అని కళ్ళు తుడుచుకున్నాడు.

మంగళవారం ఆఫీసుకు వెళ్తే లింగమూర్తి కాయితం చూపించాడు. అందులో పేరు సుగుణమణి.

"సార్, నా పేరుకు బదులు..."

"మీ ఆమె మూడు వారాల కింద, రైలు రాకముందే అర్జీ పెట్టింది. ఎనిమిది పాసైంది. పెద్ద పరీక్ష పెడ్దామనుకున్నం, ఆదివారం అందరి ముంగట అది గూడ అయిపాయె."

యిర్మియా ఇంటికి పరుగెత్తాడు. "అర్జీ పెట్టిన్నని ఒక్క మాట జెప్పలేదేందే?"

"బుధవారం చెప్దామనుకున్న. పెట్టె తెరిచినంక మాట బందైంది."

"నేనక్కడ బూట్లు గూడ పంచిన!"

"మరి పొయ్యి అడుక్కో."

అతను మొహం వేలాడేసి కూర్చున్నాడు. సుగుణమణికి జాలేసింది. పక్కన వచ్చి కూర్చుంది.

"పైన డ్యూటీ నీకెందుకు కావాల్నో నాకు తెల్వదనుకున్నవా? నేను అర్జీ పెట్టింది గూడ అందుకే. నీ షిఫ్టులు మారుతయ్, నా పార్కు మారది. మూడో షిఫ్టు వారం పొద్దున్నే వస్తవ్, జర పండుకో. ఒంటిగంటకు డబ్బా తీస్కొని పార్కుకు రా. కలిసి తిందం."

యిర్మియా కళ్ళు చెమ్మగిల్లాయి. వెంటనే ఒక అనుమానం వచ్చింది.

"డబ్బా ఎవరు వండుతరు?"

"నేను డ్యూటీల ఉంట. నువ్వు ఇంట్ల ఉంటవ్. లెక్క నువ్వే చెయ్యి."

బూట్లు అడుక్కోవడం ఒక పూట పట్టింది. దండ ఎవరూ వెనక్కి అడగలేదు, ఆ ఒక్క మర్యాద మిగిలింది.

మూడో షిఫ్టు వారం వచ్చింది. యిర్మియా వండిన మొదటి అన్నం, మొదటి పప్పు డబ్బాలో సర్దుకుని ఒంటిగంటకు పార్కుకు వెళ్ళాడు. పొదల నీడలో ఇద్దరూ కూర్చున్నారు. సుగుణమణి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. అతను ఒక కన్ను తెరిచి చూస్తూనే ఉన్నాడు. ఆమె ముందు పప్పు కలుపుకుంది. పన్నెండేళ్ళ సందేహం తీరి అతని గుండె నిండిపోయింది.

ఆమె మొదటి ముద్ద పెట్టుకుంది. ఏమీ అనలేదు. రెండో ముద్ద పెట్టుకుంది. ఏమీ అనలేదు.

యిర్మియా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. వెనకటి యిర్మియా అయితే లైను క్లియర్ అనుకునేవాడు. ఇప్పుడు పాఠం వచ్చినవాడు.

"పప్పు మాడిందా?" అన్నాడు.

జవాబు లేదు.

"పాలు పొంగినయ్. సగం పొయ్యిల పోయినయ్. పిల్లి తాగిందని చెప్దామనుకున్న, నేనే చూసుకోలే."

ఆమె అతని వైపు కళ్ళు తిప్పింది. ఏమీ అనలేదు. యిర్మియా కంచం పక్కకు పెట్టాడు.

"సరే, సరే, అది గూడ చెప్త. మీ నాయన గొడుగు బసంత్‌నగర్ బస్సుల పోలే. నేనే పుల్లలు ఊడదీసి రేడియో ఏరియలు చేసిన. ముసలాయనను కండక్టరు మీదికి ఉత్తగనే కొట్లాటకు తోలిన."

సుగుణమణి తాపీగా నమిలి, మింగి, నీళ్ళు తాగింది.

"నోట్ల ముద్దుంటే ఎట్ల మాట్లాడాలె? తినేటప్పుడు నేను మాట్లాడ. చిన్నప్పటి సంది గంతే. పప్పు మంచిగనే ఉన్నదని చెప్దామనుకున్న."

యిర్మియా నవ్వబోయాడు.

"గొడుగేంది?" అంది సుగుణమణి.

అతను మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, ఈసారి ఇంకా చిన్న గొంతుతో. ఆమె విన్నది. చెయ్యి కడుక్కుంది. డబ్బా మూత పెట్టింది. ఒక్క మాట అనలేదు. ఈసారి నోట్లో ముద్ద కూడా లేదు.